గ్రంథాలయ పాఠకులకు చేతి ఫోను చేసే సాయం

ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో భాగంగా పాఠశాల గ్రంథాలయంలో జరిగిన పాఠకుల సమావేశంలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం



గ్రంథాలయ పాఠకులకు నిత్యజీవితంలో ఉపకరించే సాంకేతిక విషయాలను గురించి మాట్లాడవలసినదిగా ఉత్సవ సంఘం వారు నన్ను ఆదేశించినారు. విషయం పేరు పెద్దది, నేను చెప్పబోయేవి చిన్న చిన్న సంగతులు. నేను కంప్యూటరు శాస్త్రం అభ్యసించినదానను కాను. బి.ఇడి. చదివే రోజులలో బోధనోపకరణాలంటే మాకు సుద్దముక్క, గోడపటం, ఫ్లానెల్ బోర్డు, ఇంతే. ఈ గదికి వచ్చే పాఠకులు అడిగిన ప్రశ్నలకు జవాబులు వెదుకుతూ, కొన్నింటిని మా పెద్ద తరగతుల పిల్లల వద్దనే నేర్చుకొంటూ కూడబెట్టుకొన్న విషయాలను మీ ముందుంచుతున్నాను. చరవాణి అని పత్రికలవారు వ్రాస్తారు గాని, మన ఇళ్లలో అందరమూ దానిని ఫోను అనే అంటాము కాబట్టి నేనూ ఆ మాటనే వాడుతాను.

మన ఊరి పరిస్థితి మీకు తెలియనిది కాదు. ఇంట్లో తెలుగు, అంగడిలో తమిళం, బ్యాంకు కాగితాలలో ఇంగ్లీషు. ఈ మూడింటి నడుమ కంబైనల్లూరు తెలుగు కుటుంబాలు ఏ ఇబ్బందీ లేకుండా తరతరాలుగా కాపురం చేస్తున్నవి. 1965 అక్టోబరు 2న సేలం జిల్లా నుండి ధర్మపురి జిల్లా విడివడినప్పుడు హోసూరు కూడా మన జిల్లాలోనే ఉండేది. 2004 ఫిబ్రవరిలో కృష్ణగిరి జిల్లా ఏర్పడడంతో, వీధిలో తెలుగు బాగా వినిపించే ఆ సరిహద్దు ప్రాంతం పొరుగు జిల్లా అయినది. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టంతో తమిళం ఒకటవ తరగతి నుండి మొదలై, ఏటా ఒక్కొక్క తరగతి చొప్పున పైకి సాగి, అందరికీ తప్పనిసరి పాఠ్యాంశం అయినది. ఈ నేలపై బ్రతికే పిల్లలకు ఈ నేల భాష బాగా రావాలి, అందులో నాకు లేశమైనా సందేహం లేదు. అయితే అదే సమయంలో మరొకటి కూడా జరుగుతున్నది. అవ్వతో గలగలా తెలుగు మాట్లాడే మనుమడికి ఆ అవ్వ చదువుకొనే పుస్తకం చేతికిస్తే తల అడ్డంగా ఊపుతున్నాడు. ఇక్కడ చదివి బెంగళూరుకో చెన్నైకో వెళ్లి స్థిరపడిన పూర్వ విద్యార్థులు వాట్సాప్‌లో ఒకరినొకరు తెలుగులోనే పలకరించుకొంటారు గాని, ఆ తెలుగంతా ఇంగ్లీషు అక్షరాలలో ఉంటుంది. నోటికి తెలుగు ఉండి కంటికి తెలుగు లేని తరం మన కళ్లెదుటనే పెరుగుతున్నది. నేను ఫోను గురించి మాట్లాడడానికి అంగీకరించినది ఈ కారణం చేతనే.

పుస్తకం ఉన్న చోటికి పాఠకుడు రాలేకపోతే, పాఠకుడు ఉన్న చోటికి పుస్తకమే పోవాలని మన పెద్దలు ఏనాడో తలచినారు. 1931లో మన్నార్‌గుడిలో ఎడ్లబండిపై పుస్తకాలు పేర్చి చుట్టుపక్కల గ్రామాలకు పంపే ఏర్పాటు జరిగినది. దానిని ప్రారంభించినవారు గ్రంథాలయ శాస్త్ర పితామహులు ఎస్.ఆర్. రంగనాథన్ గారు. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడిన తర్వాత తెలుగునాట ఊరూరా గ్రంథాలయాలు వెలిసినవి. కృష్ణా కాలువలపై పడవలలో సైతం పుస్తకాలు ప్రయాణం చేసినవి. స్వతంత్ర భారతంలో తొలి గ్రంథాలయ చట్టం 1948లో మన మద్రాసు రాష్ట్రంలోనే వచ్చినది. అప్పుడు ఆంధ్ర జిల్లాలు, మన సేలం జిల్లా ఆ ఒకే చట్టం క్రింద ఉండేవి. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సుంకం నేటికీ మనమందరం చెల్లిస్తున్నాము. ప్రభుత్వ గ్రంథాలయంలో తెలుగు పుస్తకం కావాలని వ్రాతపూర్వకంగా అడిగే హక్కు మనకు ఉన్నదని ఈ సందర్భంలో తల్లిదండ్రులకు జ్ఞాపకం చేస్తున్నాను. ధర్మపురిలోని జిల్లా కేంద్ర గ్రంథాలయానికి పదిమంది సంతకాలతో ఒక కోరిక పంపడానికి ఏ యంత్రమూ అక్కరలేదు.

ఇక ఫోను సంగతి. మొట్టమొదట నేర్చుకోవలసినది తెలుగులో వ్రాయడం. వ్రాయడం రానిదే వెదకడం రాదు, వెదకడం రానిదే పుస్తకం దొరకదు. ఫోను సెట్టింగులలో భాషల జాబితాలోనికి వెళ్లి తెలుగు కీబోర్డును చేర్చుకోవాలి. గూగుల్ వారి కీబోర్డులో తెలుగుకు రెండు విధాలు కనిపిస్తాయి. ఒకదానిలో మన అక్షరాలే మీటలుగా ఉంటాయి. రెండవ దానిలో ఇంగ్లీషు అక్షరాలతో ఉచ్చారణ ప్రకారం కొడితే తెలుగు వస్తుంది. ఇంగ్లీషు మీటలకు అలవాటుపడిన పూర్వ విద్యార్థులకు రెండవది సులభం. పిల్లలకు మాత్రం మొదటిదే నేర్పండని నా మనవి. హల్లు క్రింద హల్లు వత్తుగా రావాలంటే నడుమ పొల్లు గుర్తు నొక్కాలి. అమ్మ అని కొట్టడానికి అ, మ, పొల్లు, మళ్లీ మ. ఈ నాలుగు మీటలు నొక్కినప్పుడు ద్విత్వాక్షరం ఎట్లా పుడుతున్నదో పిల్లవాడికి నల్లబల్లమీద కంటె బాగా తెలుస్తుంది. వ్యాకరణం చెప్పే ఉపాధ్యాయులు ఈ సంగతి గమనించాలి.

కంప్యూటరులో తెలుగు కొట్టదలచిన వారికి రెండు మార్గాలు ఉన్నవి. ఇన్‌స్క్రిప్ట్ అనే అమరికను 1980ల దశకంలో భారత ప్రభుత్వం భారతీయ భాషలన్నిటికీ ఒకే పద్ధతిలో నిర్ణయించినది. తెలుగులో క ఎక్కడ ఉంటుందో తమిళం, కన్నడం, హిందీలలో కూడా క అదే మీటపై ఉంటుంది. మూడు నాలుగు భాషల నడుమ పెరిగే మన పిల్లలకు ఇంతకంటె ఉపకారం ఏమున్నది! రెండవ మార్గం ఇంగ్లీషు అక్షరాలతో వ్రాసే పద్ధతి. దీని వెనుక ఒక చిన్న కథ ఉన్నది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గారలు, కంప్యూటరులో తెలుగు లిపి సులభంగా దొరకని కాలంలో, ఇంగ్లీషు అక్షరాలలో తెలుగును తప్పులేకుండా వ్రాయడానికి ఒక పద్ధతిని రూపొందించినారు. చిన్న అక్షరం టీ కొడితే త, పెద్ద అక్షరం టీ కొడితే ట. అట్లే న, ణ; ల, ళ. లేఖిని అనే ఉచిత పరికరం ఈ పద్ధతిలో కొట్టినదానిని వెంటనే తెలుగు లిపిలోనికి మారుస్తుంది. ఇల్లు విడిచి దూరదేశం పోయినవారు లిపి కోసం పడిన ఆ తపన, ఇంట్లోనే ఉన్న మనకు ఉన్నదా అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

కొట్టడం కష్టమైన పెద్దలకు నోటితో చెప్పే సౌకర్యం ఉన్నది. కీబోర్డుపై మైకు గుర్తు నొక్కి మాట్లాడితే ఫోనే వ్రాస్తుంది. 2017లో తెలుగుకు ఈ సౌకర్యం వచ్చినది. అయితే అది నేర్చుకొన్నది మన తెలుగు కాదు. మన మాటలలో తమిళ పదాలు, మన ప్రాంతపు యాస కలిసి ఉంటాయి కదా, అందుచేత కొన్ని మాటలను మరొక విధంగా వ్రాస్తుంది. దానికి కోపగించుకోనక్కరలేదు. కొంచెం నిదానంగా, ఒక్కొక్క వాక్యం చొప్పున చెప్పి, వ్రాసినదానిని ఒకసారి చదివి పంపితే చాలును.

వ్రాసేటప్పుడు మరొక చిక్కు ఎదురవుతుంది. ఫోన్ అని పొల్లుతో ఆపి, దాని వెంట లో అని చేరిస్తే న క్రింద ల వత్తు పడి మాట వికారంగా తయారవుతుంది. దీనిని నివారించడానికి కంటికి కనిపించని ఒక విభజన అక్షరం ఉన్నదని తెలిసినవారు చెప్తారు. నాకు అంతకంటె మంచి ఉపాయం మన భాషలోనే దొరికినది. మన తాతలు ఫోను, బస్సు, కార్డు అని అచ్చుతో ముగించి పలికినారు. అట్లే వ్రాస్తే ఫోనులో, బస్సులో, కార్డుపై అని చక్కగా కుదురుతుంది. యంత్రానికి కూడా అజంత భాష నచ్చిందన్నమాట.

ఇప్పుడు వెదకడం. పాఠకుని కాలం వృథా కానీయరాదన్నది రంగనాథన్ గారి పంచసూత్రాలలోని ఒక సూత్రానికి సారాంశం. ఆ కాలం ఎక్కువగా వృథా అయ్యేది వెదకడంలోనే. మీరు కోరినది దొరకలేదంటే అది లేదని వెంటనే నిర్ణయించుకోకండి. గ్రంథాలయం అన్న మాటనే తీసుకోండి. థ వ్రాయవలసిన చోట ధ వ్రాసేవారు ఎందరో ఉన్నారు. అచ్చయిన బోర్డులలోనే ఆ తప్పు కనిపిస్తుంది. వెదికే యంత్రానికి రెండూ వేర్వేరు మాటలు. కాబట్టి ఒక రూపంలో దొరకనప్పుడు రెండవ రూపంలో వెదకాలి. భారతము, భారతం, సంధ్య, సన్ధ్య, ఱ, ర, ఇట్లు పాత వ్రాత, కొత్త వ్రాత రెండింటినీ ప్రయత్నించాలి. విభక్తి చేరిన మాటతో కాక మాతృకతో వెదకాలి. వేమన పద్యాలలో అని కాకుండా వేమన పద్యాలు అని, లేదా వేమన అని మాత్రమే కొట్టాలి. మన ఊరి పేరునే చూడండి. తమిళంలో దానిని ప అక్షరంతోనే వ్రాసి బ అని పలుకుతారు. తెలుగులో కొందరు కంబైనల్లూరు అనీ, కొందరు కంబయనల్లూరు అనీ వ్రాస్తారు. ఊరిని గురించి ఎవరైనా వ్రాసిన సమాచారం కావాలంటే ఈ రూపాలన్నీ కొట్టి చూడవలసినదే.

పుస్తకాలు ఎక్కడ ఉన్నవన్న ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు ముందుగా ఒక పల్లెటూరి తెలుగు విద్యార్థిని తలచుకోవాలి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, అమెరికా వెళ్లి, 1994లో కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారాన్ని అందుకొన్న రాజ్ రెడ్డి గారు పది లక్షల పుస్తకాలను ఫొటోలు తీసి అందరికీ ఉచితంగా అందించాలనే పథకానికి నాయకత్వం వహించినారు. దానిలో భాగంగా బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ మొదలైన వారి కృషితో భారత డిజిటల్ గ్రంథాలయం ఏర్పడి, ఎన్నో తెలుగు పుస్తకాలు పుట పుటకూ ఫొటో తీయబడినవి. వాటిలో చాలా భాగం నేడు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత భాండారంలో లభిస్తున్నవి. అది 1996లో అమెరికాలో మొదలైన సంస్థ. రుసుము లేదు, చేరిక అవసరం లేదు.

అయితే అక్కడ ఒక విచిత్రం ఉన్నది. పుస్తకం లోపల అంతా తెలుగే గాని, చాలా పుస్తకాల పేర్లు జాబితాలో ఇంగ్లీషు అక్షరాలలో ఎక్కించబడినవి. ఎక్కించినవారు దీర్ఘానికి ఒకచోట ఒకే అక్షరం, మరొకచోట రెండక్షరాలు వాడినారు. ఒకచోట ఇంటిపేరు ముందు, మరొకచోట వెనుక. ఒక్కొక్కచోట మాటల మధ్య ఖాళీయే లేదు. అందుచేత తెలుగు లిపిలో వెదికి దొరకలేదని వెనుదిరిగే పాఠకులు ఎందరో. పుస్తకం పేరులోని ఒకే ఒక ముఖ్యమైన మాటను రెండు మూడు ఇంగ్లీషు వర్ణక్రమాలలో కొట్టి చూడాలి. అప్పటికీ దొరకకపోతే రచయిత ఇంటిపేరుతో వెదకాలి. దొరికిన తర్వాత ముందుగా నాలుగు పుటలు తెరిచి చూసి, పుటలు సరిగా ఉన్నవని నిర్ధారించుకొన్న పిమ్మటనే దించుకోవాలి. పుట ఫొటోలతో కూడిన ఈ పుస్తకాలు బరువైనవి, ఫోనులోని డేటా చాలా ఖర్చవుతుంది. వై-ఫై ఉన్న చోట దించుకొని పెట్టుకొంటే, తర్వాత మొరప్పూరు స్టేషనులో రైలు కోసం వేచి ఉన్నప్పుడు ఏ సంకేతమూ లేకున్నా చదువుకోవచ్చు.

ఇంట్లో పురాణ కాలక్షేపం చేసే పెద్దలు తిరుమల తిరుపతి దేవస్థానాల వారి ఎలక్ట్రానిక్ ప్రచురణలను చూడాలి. వారు అచ్చువేసిన ఎన్నో గ్రంథాలు ఉచితంగా దించుకొనే వీలున్నది. మాటలకు అర్థం తెలియనప్పుడు ఆంధ్రభారతి అనే చోటు మా ఉపాధ్యాయులకు కుడిభుజం వంటిది. ఒక మాట కొడితే బ్రౌను దొర నిఘంటువు మొదలుకొని అనేక నిఘంటువులలోని అర్థాలు ఒకేచోట వస్తాయి. ఇంతకు ముందు ఒక్కొక్క నిఘంటువునూ రెండు చేతులతో ఎత్తి బల్లపై పెట్టి చూడవలసి వచ్చేది. వాటి బరువు తెలిసిన నావంటి వారికి ఈ సౌకర్యం విలువ మరీ బాగా తెలుస్తుంది.

తెలుగు వికీసోర్స్ అనే మరొక భాండారాన్ని గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలని ఉన్నది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైనది, 2005లో వికీసోర్స్ వచ్చినది. పాత పుస్తకపు పుట ఫొటో ఒక ప్రక్కన, దానిని చూసి టైపు చేసిన పాఠం మరొక ప్రక్కన ఉంటాయి. ఎవరైనా ఆ రెండింటినీ పోల్చి తప్పులు దిద్దవచ్చు. ఇంకా దిద్దని పుటకు ఎరుపు రంగు, ఒకరు దిద్దితే పసుపు, రెండవవారు సరిచూస్తే పచ్చ. ఉపాధ్యాయిని కంటికి ఇంతకంటె ఇంపైన వ్యవస్థ ఉండదు. పై తరగతుల పిల్లల చేత వారానికి రెండు పుటలు దిద్దించితే వారికి పాత తెలుగు చదవడం అలవాటవుతుంది, కంబైనల్లూరు పిల్లలు దిద్దిన పుటను ఎక్కడో ఉన్న పాఠకుడు చదువుకొంటాడు. ఉక్తలేఖనానికి ఇంత ప్రయోజనం మునుపెన్నడూ లేదు.

ఉచితమన్నంత మాత్రాన అన్నీ మనవి కావు. మన కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణించిన తర్వాతి సంవత్సరం ఆరంభం నుండి 60 సంవత్సరాల వరకు హక్కులు ఉంటాయి. 1915లో గతించిన గురజాడ, 1919లో గతించిన కందుకూరి, 1940లో గతించిన గిడుగు వారి రచనలను నిస్సంకోచంగా దించుకోవచ్చు, పంచుకోవచ్చు. 1976లో గతించిన విశ్వనాథ వారి రచనలకు హక్కుల గడువు ఇంకా తీరలేదు. ఇక జీవించి ఉన్న రచయిత కొత్త పుస్తకాన్ని ఎవరో ఫొటోలు తీసి వాట్సాప్ బృందాలలో పంచుతూ ఉంటే, దానిని ముందుకు త్రోయడం సాహిత్యసేవ అనుకొనేవారు ఉన్నారు. తెలుగు పుస్తకం అమ్ముడుపోవడమే గగనంగా ఉన్న రోజులలో అది సేవ కాదు. ఆ పుస్తకాన్ని కొనండి, కొని ఈ గ్రంథాలయానికి ఇవ్వండి.

కన్ను తగ్గిన పెద్దలకు ఒక మాట. సెట్టింగులలో డిస్‌ప్లే అనే చోట అక్షరాల పరిమాణం పెంచుకోవచ్చు. పుట ఫొటోల పుస్తకానికి ఇది వర్తించదు. అటువంటప్పుడు ఫోనును అడ్డంగా త్రిప్పి పట్టుకొంటే పంక్తి వెడల్పు పెరిగి అక్షరం పెద్దదవుతుంది. చదివి వినిపించే సౌకర్యం కూడా ఉన్నది. ఆండ్రాయిడ్ ఫోనులో యాక్సెసిబిలిటీ అనే విభాగంలో దానిని ప్రారంభించి, తెలుగు గొంతును దించుకోవాలి. టైపు చేసిన పాఠాన్ని అది ధారాళంగా చదువుతుంది, పుట ఫొటోను సాధారణంగా చదవలేదు. వికీసోర్స్ పచ్చపుటలు ఇందుకు అనుకూలం. చదువు రాని అవ్వలకు మనుమడు ఈ ఏర్పాటు చేసిపెట్టితే మధ్యాహ్నాలు చల్లగా గడుస్తాయి. యతిస్థానం తెలియని గొంతు కాబట్టి పద్యాన్ని గద్యంలా చదివేస్తుంది. ఆ పని మాత్రం మనుషులే చేయాలి.

తెలుగు మాట్లాడుతూ తమిళ లిపి మాత్రమే చదవగలిగిన వారి కోసం అక్షరముఖ అనే పరికరం ఉన్నది. అది ఒక భారతీయ లిపిలోని పాఠాన్ని మరొక లిపిలోనికి మారుస్తుంది. తెలుగు పాఠాన్ని తమిళ లిపిలో చదువుకోవచ్చు. దీనిని వాడవచ్చునా అని తల్లిదండ్రులు నన్ను అడిగినారు. పెద్దవారు నిస్సంశయంగా వాడవచ్చు, అర్థం చేతికందుతుంది. పిల్లలకు మాత్రం ఇది ఊతకర్రగా మారకూడదు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. కాలు, గాలు ఒకటైపోతే పిల్లవాడి తెలుగు ఏమి కావాలి? అంకెలు గుర్తులుగా చేర్చి భేదం చూపే పద్ధతి ఉన్నది గాని, ఆ గుర్తులు నేర్చుకొనే శ్రమతో యాభై ఆరక్షరాలే నేర్చుకోవచ్చు.

ఇళ్లలోని పాత కాగితాలను గురించి ప్రత్యేకంగా మనవి చేసుకొంటున్నాను. మన ముత్తవ్వల పెండ్లి పాటల పుస్తకాలు, కుటుంబాల లెక్కల పుస్తకాలు, ఉత్తరాలు పెట్టెలలో చెదపురుగుల పాలవుతున్నవి. వాటిని ఫోనుతో ఫొటో తీయండి. పగటి వెలుతురులో, కిటికీ దగ్గర, కాగితం నేలపై పరచి, ఫోను నీడ పడకుండా పైనుండి తీయాలి. ఫ్లాష్ వాడితే నడుమ తెల్లని మచ్చ పడుతుంది. ఆ ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది చిక్కిపోయి అక్షరాలు మసకబారుతాయి. డాక్యుమెంటుగా పంపితే తీసినది తీసినట్లే చేరుతుంది. ఈ సంచిక కోసం పాత బృంద ఛాయాచిత్రాలు పంపదలచిన పూర్వ విద్యార్థులు దయచేసి ఈ ఒక్కటి పాటించండి.

అచ్చు పుట అయితే గూగుల్ లెన్స్ వంటి పరికరం ఫొటోలోని అక్షరాలను గుర్తించి, దిద్దుకొనే పాఠంగా మార్చి ఇస్తుంది. చేతివ్రాతను నమ్మి అప్పగించవద్దు. పాత అచ్చులో సైతం అరసున్న, బండి ఱ, వలపలగిలక దానిని తికమక పెడతాయి. ప ను వ గా, మ ను య గా, థ ను ధ గా చదవడం దానికి మామూలే. మన మూడవ తరగతి పిల్లలు చేసే తప్పులే అవి. కాబట్టి మూలం ప్రక్కన పెట్టుకొని దిద్దక తప్పదు. పాటలు తెలిసిన అవ్వలు ఉన్న ఇళ్లవారు వ్రాసుకొనే దాకా ఆగకుండా ఫోను రికార్డరులో ఆ గొంతునే పట్టి ఉంచండి. రికార్డు చేసిన వెంటనే దానికి పాడినవారి పేరు, ఊరు, సంవత్సరం తెలుగులో పెట్టండి. పేరు లేని ఫైలు అట్ట చినిగిన పుస్తకం వంటిది, పదేళ్ల తర్వాత ఎవరిదో తెలియదు.

ఈ సంచికను గురించి కూడా ఒక విన్నపం. తెలుగు అచ్చులో చాలాకాలంగా అను మొదలైన ఫాంట్లు వాడుతున్నారు. అవి అందమైనవే. అయితే ఆ ఫాంటు లేని మరొక కంప్యూటరులో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిసిన ముగ్గు కనిపిస్తుంది. వెదికితే ఒక్క మాట దొరకదు. ప్రపంచ భాషల లిపులకన్నిటికీ ప్రతి అక్షరానికి ఒక స్థిరమైన సంఖ్య ఇచ్చే యూనికోడ్ పద్ధతి 1991లో వచ్చినది, తెలుగుకు మొదటి కూర్పులోనే చోటు దక్కినది. ముద్రాపకులు తమకు అలవాటైన విధంగా పుటలు కూర్చుకొన్నా, వ్యాసాల మూల పాఠాన్ని యూనికోడ్‌లో మరొక ప్రతిగా ఇవ్వవలసినదిగా సంపాదకవర్గం వారు ఇప్పుడే అడిగి ఉంచాలి. ఇరవై ఐదేళ్లకు శతాబ్ది ఉత్సవం వస్తుంది. అప్పటి పిల్లలు తమ తాత పేరు కోసం ఈ సంచికలో వెదికితే దొరకాలి. రెండు ప్రతులు వేర్వేరు చోట్ల ఉండాలి, ఒకటి పాఠశాలలో, మరొకటి ఇంటర్నెట్‌లో. నాలుగు ప్రతులు మంచి కాగితంపై అచ్చులో కూడా ఉండాలి. కాగితానికి పాస్‌వర్డు అక్కరలేదు.

ఇటీవల కృత్రిమ మేధ మాటే అందరి నోటా వినిపిస్తున్నది. ప్రశ్న వేస్తే తెలుగులోనే జవాబు వ్రాసి ఇచ్చే పరికరాలు ఫోనులోనికి వచ్చినవి. కఠినమైన ఇంగ్లీషు పేరాను తేలిక తెలుగులో చెప్పమంటే బాగానే చెప్తాయి. పద్యం ఎవరిదని అడిగినప్పుడు మాత్రం లేని పద్యాన్ని కట్టి, దానికి ఒక కవి పేరు తగిలించి, తొణకకుండా ఇవ్వగలవు. పిల్లలు దానిని అట్లే నోటుపుస్తకంలో ఎక్కిస్తారు. పద్యమైనా, సంవత్సరమైనా, అచ్చు పుస్తకంలోనో, నేను చెప్పిన భాండారాలలోనో పుట చూసిన తర్వాతనే నమ్మాలి. గ్రంథాలయం అందుకే ఉన్నది.

చివరగా జాగ్రత్తలు. ఉచిత పుస్తకం ఇస్తామంటూ బ్యాంకు కార్డు సంఖ్య అడిగే చోటు నుండి వెంటనే బయటికి రండి. డౌన్‌లోడు అని మెరిసే పెద్ద బొత్తాము చాలా సార్లు ప్రకటన. అసలైనది క్రింద చిన్నగా ఉంటుంది. పుస్తకం చదివించే యాప్ మీ ఫోనులోని పేర్ల జాబితాను, సందేశాలను చూడడానికి అనుమతి అడిగితే ఇవ్వకండి, పుస్తకానికి వాటితో పని లేదు. ఓటీపీ ఎవరు అడిగినా, ఎంత మర్యాదగా అడిగినా చెప్పవద్దు. మోసపోయినట్లు తెలిసిన క్షణంలోనే 1930 సంఖ్యకు ఫోను చేయాలి. సిగ్గుపడి ఒక రోజు ఆలస్యం చేస్తే సొమ్ము చేతులు మారిపోతుంది. గ్రంథాలయంలోని కంప్యూటరులో మీ ఖాతా తెరిచినవారు లేచే ముందు దానిని మూసి లేవాలి. పాస్‌వర్డు భద్రపరచమంటావా అని అది అడుగుతుంది, వద్దని చెప్పాలి.

ఇవన్నీ ఒక ఉపన్యాసం వింటే వచ్చేవి కావు. ఈ ఉత్సవాలు ముగిసిన తర్వాత కూడా శనివారం మధ్యాహ్నాలలో మా పెద్ద తరగతుల పిల్లలు ఈ గదిలో కూర్చొని, వచ్చినవారికి వచ్చినట్లు చేయి పట్టి నేర్పుతారు. తాతలకు, అవ్వలకు పాఠం చెప్పే అవకాశం దొరికిందని వారు ఇప్పటికే ఉత్సాహపడుతున్నారు. మొదటి వారం కీబోర్డు చేర్చుకొని తమ పేరు తాము తెలుగులో వ్రాయడం మాత్రమే ఉంటుంది. వచ్చేవారు ఫోనుకు ఇంటి దగ్గరే ఛార్జి పెట్టుకొని, కళ్లద్దాలు మరువకుండా తెచ్చుకొని రావలసినదిగా కోరుతూ సెలవు తీసుకొంటున్నాను.